అడవికందికి కట్టిన దారం

తిరుపతి,
20 ఆగస్టు 1982

ప్రసూ,

పైన ఏం రాయాలో తెలియక రెండు కాగితాలు పాడుచేశాను. పెళ్ళయినవాళ్ళకు చి.ల.సౌ. అని రాస్తారు. కానివాళ్ళకు కుమారి అంటారు. నలభైకి దగ్గరపడుతున్న నన్ను ఎవరైనా కుమారీ అంటే ఒళ్ళు మండుతుంది. మొగుడు పోయినదానికి ఏం రాయాలో మా నాయన నేర్పలేదు, మీ నాయనా నేర్పి ఉండడు. అందుకే ఉత్త ప్రసూ. హాస్టల్లో పిలిచినట్టే.

ఇక్కడ మేమంతా క్షేమం. మేమంతా అంటే నేనే. అన్న సంపత్కుమార్ సంసారంతో మద్రాసు వెళ్ళిపోయాక ఇంట్లో ముందు గది ఒక్కటే తెరుస్తున్నాను. మిగతా గదులు ఊడ్చినా ఒకటే, ఊడవకపోయినా ఒకటే.

మొన్న కాణిపాకం దాకా వచ్చి నిన్ను చూడకుండా పోతే బాగుండదని మీ ఊరి బస్సెక్కాను. నువ్వు పెట్టిన సంగటి, చెనిక్కాయల ఊరిబిండి రుచి ఇంకా నోట్లో ఉంది. అవి తిన్నానని మా కోవెల వీధిలో తెలిస్తే నా చేతి నీళ్ళు తాగరు. తాగడానికి ఇప్పుడు ఎవరొస్తున్నారు గనక.

అసలు సంగతికి వస్తాను. సాయంత్రం గుట్ట ఎక్కించావు చూడు, అక్కడ రెండు బండల సందులో ఒక తీగ కనిపించింది. నేను చెప్పులు విడిచి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే పకపకా నవ్వావు. అది అడవికంది. మన చేలో వేసే కందికి అడవిలో ఉండిపోయిన పినతల్లి కూతురు అనుకో. కింద చేలల్లో కంది నిలువునా ఎండిపోయింది. రెండేళ్ళుగా సరైన వాన లేదని మీ ఊరివాళ్ళే చెప్పారు. పిడికెడు మన్ను లేని చోట అది మాత్రం ఆకు వాల్చలేదు. గుట్టంతా వెతికాను. మేకలు ఇంకొకటి మిగల్చలేదు.

నా పని గురించి నీకెప్పుడూ చెప్పలేదు. చేలోని కందిమొగ్గ విచ్చకముందే విప్పి, చిన్న పట్టకారుతో లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, మర్నాడు దానికి ఈ అడవిదాని పుప్పొడి అంటించాలి. కాయ నిలిస్తే ఆ గింజలో ఇద్దరి గుణాలూ ఉంటాయి. మొక్కల్ని ఏరుకుంటూ, మళ్ళీ విత్తుకుంటూ కొన్నేళ్ళు పోతే వాన ముఖం చాటేసిన ఏడు కూడా నాలుగు గింజలిచ్చే కంది వస్తుంది. వస్తుందనే నా ఆశ. మా వ్యవసాయ పరిశోధనా క్షేత్రానికి పెద్ద దేవనాథన్ సారు, "ఏమ్మా, కలుపుమొక్కకు కల్యాణం చేస్తావా?" అని నవ్వాడు. నవ్వినా, క్షేత్రంలో ఒక మూల నాలుగు సాళ్ళు ఇచ్చాడు. వచ్చే జూన్ నాటికి ఆ అడవికంది మా మడిలో పెరుగుతూ కనబడాలి. లేకపోతే ఆ సాళ్ళు వేరుశనగకు పోతాయి, నేను మట్టి పరీక్షల బల్లకు పోతాను.

కాబట్టి నువ్వు చేయవలసిందల్లా దాన్ని బతికించడం. మా దగ్గర ముట్టకూడని మొక్కకు గుర్తుగా దారం కడతాం, కూలివాళ్ళు దాని జోలికి పోరు. నువ్వూ ఒక దారం కట్టు. కార్తీకంలో పూస్తుంది. కాయలు నల్లబడ్డాక కోసి పంపు. నీళ్ళు మాత్రం పోయొద్దు. దాని మానాన దాన్ని ఉండనివ్వు.

వెంటనే జవాబు రాయి.

వల్లి


బండమీదపల్లె, వయా ఐరాల,
4 సెప్టెంబరు 1982

మా వల్లికి,

మా ఆయన పోయి ఆరేళ్ళు. ఆరేళ్ళలో నీ దగ్గర్నుంచి ఒక్క కార్డు ముక్క లేదు. మొన్న బస్సు దిగిన నిన్ను చూసి నా కోసమే వచ్చావనుకున్నాను. వచ్చినదానివి నన్ను వదిలి కలుపుమొక్క కాళ్ళమీద పడ్డావు. సరే, దాని పుణ్యమాని నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ మునిరత్నం, "టీచరమ్మా, నీకు గవర్మెంటు కవరు గాకుండా మామూలు కవరొచ్చినాది సూడు" అని పొలం దగ్గర్నుంచే కేకేసుకుంటూ వచ్చాడు.

దారం కట్టాను. నగరిలో మా అన్న మగ్గం మీద మిగిలిన నూలుపోగులు పారెయ్యకుండా నాకు పంపుతుంటాడు, బొంతలు కుట్టుకోవడానికి. అందులోంచి నాలుగు పోగులు పేనాను. ఎండిన గడ్డిలో తెల్లదారం కనబడదని, వంటింట్లో ఉన్న పసుపులో ముంచి ఆరబెట్టాను. పొద్దున్నే గుట్ట ఎక్కి తీగ మొదట్లో వదులుగా కట్టి వచ్చాను. ఎవరూ చూడలేదు.

పని జరిగింది. నిన్న మేకల గంగులప్ప బడి దగ్గర ఆగి చెప్పాడు: "గుట్టమీద ఎవురో అమ్మకు పసుపు దారం కట్టినారు టీచరమ్మా. మా మేక మూతి పెట్టబోతే కొట్టి తోలినాను. మనకెందుకబ్బా అమ్మతో పేచీ." నాకు నవ్వొచ్చింది. నేనే కట్టానని చెప్పబోయి ఆగాను. అమ్మ అనుకుంటే మేకలు రావు కదా అని నోరు మూసుకున్నాను. రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు అయింది నీ పని.

ఇక్కడ కూడా మేమంతా క్షేమమే. బడి వదిలాక ఈ ఇంట్లో రేడియో ఒకటి మాట్లాడుతుంది. దానికి బ్యాటరీలు అయిపోతే నేను కుండలతో మాట్లాడతాను. నువ్వు మళ్ళీ రాయి. మొక్క గురించే రాయి, ఫర్వాలేదు.

ప్రసూన


తిరుపతి,
28 డిసెంబరు 1982

ప్రసూ,

కాయలు చేరాయి. కానీ అగ్గిపెట్టెలో ఎవరైనా పంపుతారా? పోస్టాఫీసు ముద్ర పడి సగం గింజలు నలిగాయి. మిగిలినవి విత్తి పది రోజులు దాటింది. ఒక్కటీ మొలవలేదు. దేవనాథన్ సారు రోజూ వచ్చి ఖాళీ మడి చూసి, ఏమీ అనకుండా వెళుతున్నాడు. అనేస్తే బాగుండును.

మొక్క ఎలా ఉంది? ఆకుల అడుగున బూడిదరంగు నూగు ఉందా, రాలిందా? కొత్త చిగురు వేసిందా? వివరంగా రాయి.

వల్లి


బండమీదపల్లె,
10 జనవరి 1983

వల్లీ,

నీ కార్డు చదివి పొయ్యిలో పెట్టబోయాను. అగ్గిపెట్టె కాకపోతే వెండి భరిణెలో పంపాలా? ముళ్ళలో చేతులు గీరుకుంటూ కోసినదాన్ని నేను. బాగున్నావా అని ఒక్క ముక్క లేదు. ఆకు అడుగున నూగు ఉందా అట. ఉంది. నా జుట్టులో కూడా అదే రంగు వస్తోంది, అడిగావు కాదు.

అయినా రాస్తాను. నీ మొక్కకు నాకంటే ఎక్కువమంది చుట్టాలు తయారయ్యారు. ఆడవాళ్ళు మంగళవారాలు గుట్ట ఎక్కి దానికి పసుపూ కుంకుమా పెడుతున్నారు. చౌడేశ్వరమ్మ అని ఒక పెద్దావిడ ఉంది, ఊళ్ళో ఆమె మాటకు తిరుగులేదు. ఆమె అంటుంది: "ఊరంతా ఎండిపోతా ఉంటే రాతిమీద ఆ తీగ పచ్చగా ఉండాదంటే ఊరికే ఉండాదా? గంగమ్మ వచ్చి కూచోనుండాది. లేకపోతే దారం యాణ్ణించి వస్తాది?" మా పక్కింటి నాగులమ్మ రోజూ పొద్దున్నే వెళ్ళి ఊడ్చి దీపం పెట్టి వస్తుంది. ఆమెకూ నాలాగే మొగుడు లేడు. పిల్లా జెల్లా లేరు.

నాకెందుకో భయంగా ఉంది.

ప్రసూన


తిరుపతి,
22 ఫిబ్రవరి 1983

ప్రసూ,

కోపం పెట్టుకోకు. నాకు మాట్లాడటం చేతకాదు, మా నాయన ఉన్నప్పుడే అనేవాడు. నీ జుట్టు సంగతి విన్నాను. నాది ముందే నెరిసింది, కాబట్టి మాట్లాడకు.

తప్పు నీ అగ్గిపెట్టెది కాదు, నాది. అడవిగింజకు తోలు మహా గట్టి. దాన్ని బ్లేడుతో కాస్త గీరాలి, లేదా వేడి తగిలి చీలాలి. అప్పుడే నీళ్ళు లోపలికి వెళతాయి. చేలోని కందిని వేసినట్టు వేసి, మొలవలేదని ఏడ్చాను. మడిలో వేసిన గింజల్నే మళ్ళీ తవ్వి తీసి, గీరి వేస్తే రెండు మొలిచాయి. ఎంత సంతోషమయిందో. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరికైనా చెబుదామనిపించి, వీధి తలుపు తీసి, మళ్ళీ వేసుకున్నాను. తిరుపతిలో రోజూ ఎన్ని వేలమంది దిగుతారో లెక్క లేదు. నాకు చెప్పుకోవడానికి ఒక్కరు దొరకలేదు.

ఆ రెండూ పోయాయి. క్షేత్రంలో ఓబయ్య అని పెద్దమనిషి ఉన్నాడు. నేను రోజూ వాటి దగ్గర కూర్చోవడం చూసి జాలిపడి, ఆదివారం నేను లేనప్పుడు కడవలతో నీళ్ళు పోశాడు. రాతిలో బతికే దానికి అన్ని నీళ్ళెందుకు? వేరు కుళ్ళింది. "బిడ్డల మాదిర సూసుకుంటివి కదమ్మా, ఎండిపోతాయేమోనని పోస్తిని" అన్నాడు. తిట్టలేకపోయాను.

ఇప్పుడు నాకున్నది గుట్టమీది ఆ ఒక్కటే. పసుపునీళ్ళు పోయనివ్వకు. దాని దగ్గర నిప్పు పెట్టనివ్వకు. అంత కష్టమేముంది, ఆ దారం నేనే కట్టానని చెప్పెయ్యి. నలుగురూ నవ్వి వెళ్ళిపోతారు.

వల్లి


బండమీదపల్లె,
9 మార్చి 1983

వల్లీ,

నలుగురూ నవ్వి వెళ్ళిపోతారా? నీకు పసుపు సంగతి తెలియదు. నీ మెడలో పడలేదు, నీ మెడలోంచి తీయలేదు.

నేతవాళ్ళింట్లో పుట్టినదాన్ని. మాకు దారమంటే దారమే. మా ఇంట్లో నూలును పసుపులో ముంచేవాళ్ళం, నీలిలో ముంచేవాళ్ళం, అది చీరె అంచు అయ్యేది, అంతే. గడ్డిలో కనబడాలని ముంచాను, వేరే ఆలోచనే లేదు. మా ఆయన పోయిన రోజు పదిమందిలో నా మెడలోంచి తెంపింది కూడా అదే రంగు దారమని, ముంచుతున్నప్పుడు తోచనే లేదు. తోచి ఉంటే గోంగూర పసరులో ముంచేదాన్ని.

ఈ ఊరివాళ్ళు దాన్ని అమ్మ మెడలో తాళి అనుకుంటున్నారు. అది ముండమోసిన టీచరమ్మ కట్టిందని ఇప్పుడు తెలిస్తే ఏమంటారో నీకు ఊహకైనా అందదు. ఇద్దరు ముగ్గురు తప్ప నన్ను శుభానికి పిలిచేవాళ్ళు లేరు. ఉన్న ఆ ఇద్దరు ముగ్గుర్నీ ఎట్లా పోగొట్టుకోను?

చూస్తాను. చెయ్యగలిగింది చేస్తాను. బడిపిల్లలతో, తీగ మొదట్లో నీళ్ళు పోస్తే అది చస్తుందని చెప్పించాను. వాళ్ళ అమ్మలు విని, "మీ టీచరమ్మకు దేవుడి మింద నమ్మకం ల్యా" అన్నారట.

నువ్వు ఉత్తరం మానకు.

ప్రసూన


బండమీదపల్లె,
6 మే 1983

వల్లీ,

మొక్క బాగుంది. చెప్పాలంటే ముందుకంటే బాగుంది. ఈ ఎండల్లో కూడా పసుప్పచ్చటి పూలు గుత్తులు గుత్తులుగా పూసింది. పూజలు తగ్గాయి. నువ్వు దిగులు పెట్టుకోకు, నీ పని నువ్వు చేసుకో. కాయలు కార్తీకం దాటాక పంపిస్తాను, ఈసారి గుడ్డలో చుట్టి.

ఇంకేం రాయను. బడికి సెలవులు. నగరి పోదామనుకున్నాను. మా వదిన, "ఇల్లు ఇరుకు, మరమగ్గాల చప్పుడు, నీకు నిద్ర పట్టదులే" అని ముందే రాసింది. ఉండిపోయాను. నువ్వు అడగవలసినవన్నీ అడుగు. ఆకుల సంగతి, నూగు సంగతి. అన్నీ రాస్తాను.

ప్రసూన


తిరుపతి,
24 మే 1983

ప్రసూ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను.

సెలవుల్లో ఏం వండుకుంటున్నావు? ఒక్కదానికి పొయ్యి రాజేయడం బద్ధకమని పొద్దుటి సంగటే రాత్రికీ తింటున్నావేమో. నేనూ అంతే. కోవెల నుంచి ప్రసాదం వచ్చిన రోజు పొయ్యి వెలిగించను. నిద్ర పడుతోందా? హాస్టల్లో నీకు చీకటంటే భయం, నా మంచం పక్కకు నీ మంచం లాక్కునేదానివి. ఇప్పుడు ఎలా పడుకుంటున్నావో అక్కడికి వచ్చినప్పుడు అడగలేదు.

నీ మొగుడు పోయినప్పుడు నేను ఎందుకు రాయలేదో కూడా నువ్వు అడగలేదు. రాయడానికి కూర్చున్నాను ప్రసూ. ఓదార్పు మాటలు ఏవీ నమ్మకంగా అనిపించలేదు. రేపు రాద్దామనుకున్నాను. అన్ని రేపులూ గడిచాక సిగ్గేసింది.

ఇక్కడ పని నడుస్తోంది. దేవనాథన్ సారు బాగానే ఉన్నాడు. నువ్వు పెట్టిన ఊరిబిండి ఎలా చేస్తావో రాయి.

వల్లి


బండమీదపల్లె,
17 జూలై 1983

వల్లీ,

నీకు ఒంట్లో బాగుందా? ఇంత ఉత్తరం రాశావు, మొక్క గురించి ఒక్క ప్రశ్న లేదు. ఊరిబిండి అడుగుతున్నావు, నిద్ర అడుగుతున్నావు. ముందు అనుమానమేసింది. తర్వాత రెండోసారి చదువుకుని ఏడ్చాను. ఎవరైనా నన్ను ఏం తిన్నావని అడిగి ఎన్నాళ్ళయిందో.

ఊరిబిండికి చెనిక్కాయలు వేయించి, ఎండుమిరప, చింతపండు, ఉల్లి వేసి రోట్లోనే నూరాలి. నువ్వు ఉల్లి తినవు కదా, నా చేతిది తిన్నావు. అందులో ఉల్లి ఉంది. ఇప్పుడు చెబుతున్నాను, ఏం చేసుకుంటావో చేసుకో.

మొక్క బాగానే ఉంది. నీ సాళ్ళు ఎలా ఉన్నాయి?

ఇక్కడ ఇంకా వాన లేదు. ఊళ్ళో మనుషుల ముఖాలు బాగాలేవు. నాగులమ్మతో ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

ప్రసూన


తిరుపతి,
5 ఆగస్టు 1983

ప్రసూ,

ఉల్లి సంగతి నాకు అప్పుడే తెలుసు. ముక్కు లేదనుకున్నావా?

నా సాళ్ళు బాగున్నాయి. చేలోని కంది బాగా పెరిగింది, అడవిదాని కోసమే చూస్తోంది. నువ్వు తొందరపడకు. కార్తీకం రానీ.

నాగులమ్మ సంగతి రాస్తానన్నావు.

వల్లి


బండమీదపల్లె,
11 సెప్టెంబరు 1983

వల్లీ,

మొక్క లేదు. ఏప్రిల్లోనే చచ్చిపోయింది.

ఊరి ఆడవాళ్ళంతా వాన కోసం మొక్కుకుని ఆ బండల మీద పొంగళ్ళు పెట్టారు. దాని చుట్టూ మూడేసి రాళ్ళతో పొయ్యిలు. తీగ మొదట్లో అంబలి పోశారు, ఉప్పు వేసిన అంబలి. కర్పూరం వెలిగించారు. నేను దూరంగా నిలబడి చూశాను. చౌడేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని ఆపుదామని రెండడుగులు వేశాను. కానీ, నువ్వెవరివి ఆపడానికి అని అడిగితే చెప్పవలసిన జవాబు ఒక్కటే కదా, అక్కడే ఆగిపోయాను. కొన్నాళ్ళకు ఆకులన్నీ రాలాయి. ఎండిన తీగను ముక్కలు చేసి ప్రసాదమని ఇళ్ళకు తీసుకుపోయారు.

మే నెలలో పూలు పూసిందని రాసింది నేనే. అది పోయిందని తెలిస్తే నువ్వు రాయడం మానేస్తావనుకున్నాను. అంతకంటే వేరే కారణం లేదు. మొక్క కోసమే నీకు నేను గుర్తొచ్చాను. అది పోతే నేనెందుకు?

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అమ్మ అలిగి వెళ్ళిపోయిందని, దానికి కారణం నాగులమ్మేనని ఊరు తేల్చింది. ముండమోసినది రోజూ ముట్టుకున్నందుకే తీగ ఎండిందట, వాన రానిది కూడా అందుకేనట. మొన్న బోరింగు దగ్గర ఆమె బిందెను కాలితో తన్నారు. ఆమె ఒరిగిన బిందె ఎత్తుకుని, ఖాళీదే నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయింది. అది చూశాక నాకు కాళ్ళు ఆగలేదు.

అందరూ ఉండగానే చెప్పాను. దారం కట్టింది నేను, పసుపులో ముంచింది నేను, నాగులమ్మకు ఏ పాపమూ తెలియదు, అది కందిజాతి తీగ, మీ అంబలికీ మీ పొయ్యిలకే చచ్చింది అని. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

  చౌడేశ్వరమ్మ తన బిందెను నా పక్కనుంచి అవతలికి జరుపుకుంది. "నీకు పిల్లోళ్ళను అప్పజెప్తిమే టీచరమ్మా" అంది. అంతే. గంగులప్ప మాత్రం, "అయితే అది అమ్మ కాదా? తినే కందా?" అన్నాడు. అవునన్నాను. "మా మేకనన్నా తిననిచ్చుంటే అయిపోవును" అని తలగోక్కుంటూ పోయాడు.

పిల్లలు బడికి వస్తున్నారు. పెద్దవాళ్ళు ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు. ఊళ్ళో నా బతుకు ఇంతే. నీ పని కూడా నా వల్లే పోయింది. ఇక నీ ఇష్టం. రాసినా సరే, రాయకపోయినా సరే.

ప్రసూన


తిరుపతి,
19 సెప్టెంబరు 1983

ప్రసూ,

నాకు మే నెల్లోనే తెలుసు.

ఆ తీగ ఎండాకాలంలో పూయదు. దానికి చలి మొదలై పగళ్ళు పొట్టివి కావాలి. పసుప్పచ్చటి గుత్తులని చదివిన రోజే అది చచ్చిందని అర్థమైంది. కోపం వచ్చింది. నీ మీద కాదని అనను, నీ మీదే. నా ఏడాది పని పోయింది, పైగా అబద్ధమా అని. కాగితం తీసి గట్టిగా రాయబోయాను. మళ్ళీ నీ ఉత్తరం చూశాను. ఆకుల సంగతి, నూగు సంగతి అన్నీ అడుగు, అన్నీ రాస్తాను అని ఉంది. అప్పుడు కలం ఆగిపోయింది. నిలదీస్తే నువ్వు నిజం చెప్పేస్తావు, ఆ తర్వాత సిగ్గుపడి రాయడం మానేస్తావు. నేను మీ ఆయన విషయంలో మానేసినట్టే. ఆ భయంతోనే అడగలేదు.

నువ్వొక్కదానివే అబద్ధం ఆడావనుకోకు. నాకు సాళ్ళూ లేవు, కందీ లేదు. జూన్ మొదట్లోనే తీసేసుకున్నారు. ఆగస్టులో నీకు రాసిన కంది ఎక్కడా లేదు. అప్పటినుంచీ బల్ల దగ్గర కూర్చుని మట్టి పొట్లాల మీద నంబర్లు వేస్తున్నాను. దేవనాథన్ సారు చెడ్డవాడు కాదు, చెప్పేటప్పుడు నా ముఖం చూడలేకపోయాడు. ఆ సంగతి నీకు రాస్తే, ఇక మొక్కతో పనేముందని నువ్వూ రాయవేమోననుకున్నాను. లేని మొక్క గురించి నువ్వు, లేని పని గురించి నేను. పాపం మీ మునిరత్నం రెండూ మోశాడు.

మొక్క కోసం నువ్వు గుర్తొచ్చావన్నావు. నిజమే. కానీ మొక్క పోయాక కూడా రాస్తున్నది ఎవరి కోసమనుకున్నావు?

ఇంకొక్క మాట. ఆశ పెట్టడం లేదు, తెలిసింది కాబట్టి చెబుతున్నాను. నువ్వు కోసిన కాయలు కాక, కొన్ని అక్కడే పేలి గింజలు రాలి ఉంటాయి. ఆ తోలు గట్టిదని, వేడి తగిలితే చీలుతుందని ఒకసారి రాశాను. పొయ్యిల కిందివి మాడిపోయి ఉంటాయి. పొయ్యి అంచున ఉన్నవాటికి సరిపడా వేడి తగిలి ఉంటే, వాన పడితే, ఏమో. వాన వచ్చాక ఒకసారి ఎక్కి చూడు. లేకపోతే లేదని రాయి. ఈసారి మాత్రం ఉందని రాయకు.

వల్లి


బండమీదపల్లె,
14 అక్టోబరు 1983

వల్లీ,

లేకపోతే లేదని రాయమన్నావు. నువ్వు నమ్మవని ఈ కవర్లో ఒక ఆకు పెట్టాను. కందికి ఉన్నట్టే ఒకే కాడకు మూడు రెక్కలున్నాయి, అడుగున బూడిదరంగు నూగు ఉంది. తడిమి చూసుకో.

వాన నీ ఉత్తరం అందిన రోజునుంచీ పడుతూనే ఉంది. మూడేళ్ళ బాకీ ఒక్కసారే తీరుస్తోంది. ఊరికి ఇప్పుడు అమ్మ సంగతి, నా సంగతి పట్టలేదు, అందరూ విత్తనాల హడావిడిలో ఉన్నారు. తెరిపిచ్చిన సాయంత్రం గుట్ట ఎక్కాను. పాత మొదలు దగ్గర ఏమీ లేదు. నీకు 'లేదు' అని రాయడానికి మాటలు కూర్చుకుంటూ వెనక్కి తిరిగాను. అప్పుడు చౌడేశ్వరమ్మ పెట్టిన పొయ్యి రాళ్ళ పక్కన కనబడ్డాయి. ఒకటి కాదు. ఆ మసి రాళ్ళ చుట్టూరా, బొగ్గుల మధ్య, చిన్న చిన్న మొలకలు. పొయ్యి పెట్టని చోట ఒక్కటీ లేదు. తడిసిన బండ మీద అట్లాగే కూలబడ్డాను. చచ్చిన మొక్కను గురించి నీకు ఎన్ని అబద్ధాలు రాశానో, అవన్నీ ఇప్పుడు మొలిచినట్టు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

నీకు సాళ్ళు లేకపోతే పోయె. బడి వెనక ఖాళీ జాగా ఉంది. గంగులప్పను అడిగితే కందివిత్తులు ఇచ్చాడు, "మళ్ళీ ఏం చేస్తావో తల్లీ" అనుకుంటూనే. రెండు వరసలు విత్తాను. పైరు సంక్రాంతికల్లా పూతకొస్తుందట. గుట్టమీదివి ఈ ఏడు పూస్తాయో లేదో నీకే తెలియాలి. నీ పట్టకారు, నీ పూజాసామగ్రి అంతా పట్టుకుని రా. మట్టి పొట్లాల బల్ల ఆదివారం కూడా ఉంటుందా? పుప్పొడి ఎట్లా అంటించాలో నాకు నేర్పి వెళ్ళు. నువ్వు రాలేని రోజున నేను చేస్తాను. నేతపిల్లను, సన్నటి పనికి చేతులు వణకవు.

ఊరు మారిందనుకోకు. చౌడేశ్వరమ్మ ఇంకా నాతో మాట్లాడదు. ఆమె మనవరాలి ఓణీల పేరంటానికి ఇల్లిల్లూ పిలిచారు, నన్నూ నాగులమ్మనూ వదిలేశారు. ఆ పూట మేళం వినబడుతుంటే ఇంట్లో ఉండలేక గుట్ట మీదికి పోయాను. కాసేపటికి నాగులమ్మ కూడా వచ్చింది. బిందె తన్నించుకున్నాక ఆమె నాతో ఏమీ అనలేదు, థాంక్సూ చెప్పలేదు. వచ్చి పక్కన కూర్చుని, "ఇవేనా అవి" అంది. అవునన్నాను. చీకటి పడేదాకా ఇద్దరం కూర్చున్నాం.

ఈసారి దారం కట్టలేదు వల్లీ. ఏ రంగుదీ కట్టలేదు. బడి వదిలాక నేనే పోయి కూర్చుంటున్నాను. మేకలొస్తే అదిలిస్తాను. నాగులమ్మ పొద్దుటిపూట వెళుతోంది, దీపం లేకుండా, చీపురు లేకుండా. ఉత్త చేతులతో పోయి చూసి వస్తుంది.

ఇక్కడ మేమంతా క్షేమం.

ప్రసూన